పద్నాలుగేళ్ల కిందటి రేడియేషన్‌కి ఇప్పుడు భయపడాలా?

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆవిడ కోరిక మీద పేరు, కాలనీ పేరు, ఉద్యోగం వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాం.

"నాకు 33 ఏళ్లు. గాజువాక వైపు ఉంటాం. మావారు పరవాడలో ఒక ఫార్మా కంపెనీలో పనిచేస్తారు. అయిదేళ్ల పాప ఉంది. అత్తగారు, మావయ్యగారు మాతోనే ఉంటారు. 2011లో, నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా, మెడకి ఎడమ పక్క గడ్డ వచ్చింది. టీబీ గడ్డ అనుకుని కొన్నాళ్లు మందులు మింగించారు. తగ్గకపోతే ముక్క తీసి పరీక్షకు పంపారు. హాడ్జ్‌కిన్ లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) అని తేలింది. ఛాతీ మధ్యలో కూడా పెద్ద గడ్డ ఉందన్నారు. ఆరు సైకిళ్ల కీమో, ఆ తర్వాత మెడకీ ఛాతీకీ 15 రోజులు రేడియేషన్ ఇచ్చారు. ఎలమంచిలి దగ్గరున్న అరెకరం నాన్న అప్పుడే అమ్మేశారు. అయిదేళ్లు చెకప్‌లకి తిరిగాక డాక్టరుగారే 'ఇక రానక్కర్లేదమ్మా, నువ్వూ అందరిలాంటిదానివే' అని పంపేశారు.

పెళ్లికి ముందే మావారికి అన్నీ చెప్పాను. అత్తవారికి మాత్రం అమ్మ 'చిన్నప్పుడు టీబీ వచ్చి తగ్గింది' అని చెప్పింది. సిజేరియన్ రోజున అత్తగారు మంచం పక్కనే ఉండటంతో కేస్ షీటులో కూడా టీబీ అనే రాయించాం. రేడియేషన్ గురి కోసం ఛాతీ మీద పొడిచిన నీలి చుక్కలు మూడు ఇప్పటికీ ఉన్నాయి. ఆడపడుచు చూసి అడిగితే పచ్చబొట్టు అన్నాను.

ఈ మధ్య ఒకచోట చదివాను. హాడ్జ్‌కిన్‌కి వైద్యం చేయించుకున్నవాళ్లలో దాదాపు సగం మందికి నలభై ఏళ్లలో ఇంకో క్యాన్సర్ వస్తుందట, అదీ ఆ వైద్యం వల్లేనట. అప్పట్నుంచి నిద్ర లేదు. ఆర్నెల్లుగా ఒకటే నీరసం, జుట్టు ఊడుతోంది, తిన్నా తినకపోయినా అయిదు కిలోలు పెరిగాను. లోపల ఏదో మొదలైందనే అనిపిస్తోంది. స్కాన్ చేయించుకుంటానంటే మావారు 'లేనిపోనివి వెతుక్కోవడం దేనికి' అంటారు. పాత ఫైలు అమ్మ బీరువాలో ఉంది. 'అది బయటికి తీయకే' అంటుంది. నా దగ్గర ఉన్నది ఒక్క కాగితం. అందులో 'ఎడమ మెడ, మీడియాస్టైనమ్, 30 గ్రే, 15 ఫ్రాక్షన్లు' అని ఉంది (మీడియాస్టైనమ్ అంటే ఛాతీ మధ్యభాగం, గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత, ఫ్రాక్షన్లు అంటే విడతలు). ఇంట్లో రెండో బిడ్డ కోసం ఒత్తిడి ఉంది. మావయ్యగారు ఇంట్లోనే చుట్ట కాలుస్తారు, అత్తగారికి అడ్డపొగ (చుట్ట తిరగేసి కాల్చటం) అలవాటు. ఆ పొగ నాకు ప్రమాదమా? అసలు అప్పుడు రేడియేషన్ వద్దనాల్సిందా? పాపకి నా నుంచి వస్తుందా? అత్తగారికి నిజం చెప్పాలా? నాన్న ఇప్పుడు లేరు. అరెకరం అమ్మి ఆయన నాకు కొనిపెట్టింది ఇంకో క్యాన్సర్‌నేనా అన్న ఆలోచన నన్ను తినేస్తోంది."

---

ముందు మీ నీరసం సంగతి చూద్దాం. నాలుగు పేజీల్లో దానికి మీరిచ్చింది రెండు వాక్యాలు. నాకు మాత్రం అక్కడే కళ్లు ఆగాయి. నీరసం, జుట్టు ఊడటం, కారణం లేకుండా బరువు పెరగటం, ఇవన్నీ మెడకి రేడియేషన్ తీసుకున్న మనిషిలో కనబడితే మొదట అనుమానించాల్సింది థైరాయిడ్‌ని. మెడకి కిరణాలు పెట్టినప్పుడు థైరాయిడ్ గ్రంథి వాటి దారిలోనే ఉంటుంది. వైద్యం అయిపోయిన కొన్నేళ్లకి, ఒక్కోసారి చాలా ఏళ్లకి, అది మందగిస్తుంది. లింఫోమా నుంచి బయటపడ్డవాళ్లలో ఇది చాలా మామూలు. టీఎస్‌హెచ్ అనే రక్త పరీక్షతో తేలిపోతుంది. గాజువాక జంక్షన్‌లో ఏ ల్యాబులో అయినా చేస్తారు. దాంతోపాటే రక్త కణాల లెక్క, అదే సీబీసీ, కూడా చేయించండి. థైరాయిడ్ తగ్గిందని తేలితే రోజూ పొద్దున్నే ఒక మాత్ర వేసుకుంటే సరిపోతుంది. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. టీఎస్‌హెచ్ మామూలుగా వచ్చినా ఏటా ఒకసారి చూపించుకోవాల్సిందే. డాక్టరు చేత్తో మెడ కూడా తడిమి చూడాలి, ఎందుకంటే థైరాయిడ్‌లో గడ్డలు కూడా ఇలాంటివాళ్లలో కాస్త ఎక్కువ.

ఇక మిమ్మల్ని నిద్రపోనివ్వని 'సగం మంది' లెక్క. అది కల్పించిన లెక్క కాదు. 2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు వెలువరించిన అధ్యయనంలోది. 1965కీ 2000కీ మధ్య హాడ్జ్‌కిన్‌కి వైద్యం చేయించుకుని, కనీసం అయిదేళ్లు బతికిన 3,905 మందిని వాళ్లు గమనిస్తూ వచ్చారు. నలభై ఏళ్లు గడిచేసరికి రెండో క్యాన్సర్ వచ్చినవాళ్లు 48.5 శాతం అని తేలింది. ఆ అంకె మీ చేతికి వచ్చేటప్పటికి చాలా సంగతులు దారిలో రాలిపోయాయి. నలభై ఏళ్లు గడిస్తే ఇరవై ఏళ్ల కుర్రాడు అరవైలో పడతాడు, ఆ వయసులో ఏ వైద్యమూ చేయించుకోనివాళ్లకి కూడా క్యాన్సర్లు వస్తాయి. అవన్నీ ఆ 48.5లో కలిసే ఉన్నాయి. పైగా ఆ రోగుల్లో చాలామందికి ఇచ్చింది మాంటిల్ ఫీల్డ్ అనే పాతకాలపు రేడియేషన్. దవడ కింద నుంచి మెడ, రెండు చంకలు, ఛాతీ మధ్యభాగం అన్నీ కలుపుకుని, తరచు 35 నుంచి 40 గ్రే దాకా పెట్టేవారు. మీ కాగితంలో ఉన్నది ఎడమ మెడ, ఛాతీ మధ్యభాగం, 30 గ్రే. చంక ప్రస్తావన లేదు. ఇది చిన్న సంగతి కాదు. అదే అధ్యయనంలో, చంకలు వదిలేసి రేడియేషన్ ఇచ్చిన ఆడవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మాంటిల్ ఫీల్డ్ తీసుకున్నవాళ్లకంటే తక్కువగా కనబడింది.

అందుకని తేలిగ్గా తీసుకోమని మాత్రం అనను. 1990లలో వైద్యం అయినవాళ్లలో కూడా మొత్తం మీద గట్టి కణుతుల క్యాన్సర్లు (రక్త క్యాన్సర్లు కానివి) తగ్గిన దాఖలా వాళ్లకి కనబడలేదు. ప్రమాదం ముప్పై అయిదేళ్లు దాటాక కూడా మామూలు జనం కంటే ఎక్కువగానే ఉంది. కాబట్టి 'అందరిలాంటిదానివే' అని డాక్టరుగారు అన్న మాట పాత జబ్బు తిరగబెట్టే విషయం వరకు నిజం. పద్నాలుగేళ్లు దాటిన హాడ్జ్‌కిన్ తిరగబెట్టడం చాలా అరుదు. కొత్తగా వచ్చే క్యాన్సర్ల విషయంలో మాత్రం మీకు ప్రత్యేకమైన చెకప్‌లు ఉండాలి. ఆ సంగతి మీకెవరూ చెప్పకపోవటం లోపమే. ఇంగ్లండ్‌లో 2003లో ప్రభుత్వమే పాత రికార్డులు తిరగేసి, చిన్న వయసులో ఛాతీకి రేడియేషన్ తీసుకున్న ఆడవాళ్లని వెతికి పిలిపించి, రొమ్ము పరీక్షలకి పంపింది. మన దగ్గర అలా ఎవరూ ఫోన్ చేసి పిలవరు. ముంబయి టాటా మెమోరియల్‌లో చిన్నప్పుడు క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్ల కోసం 1991 నుంచీ విడిగా క్లినిక్ నడుస్తోంది. అలాంటివి మనకి ఇంకా చాలా కావాలి.

మీకు ఏ ప్రమాదం ఎంత అన్నది మూడింటిని బట్టి ఉంటుంది. ఏ మందులు ఇచ్చారు, కిరణాలు ఎక్కడ పెట్టారు, అప్పటికి మీ వయసెంత.

మందుల సంగతి ముందు. మీరు పేర్లు రాయలేదు. 2011లో మన దేశంలో హాడ్జ్‌కిన్‌కి ఎక్కువగా ఇచ్చింది ఏబీవీడీ, అంటే అడ్రియామైసిన్, బ్లియోమైసిన్, విన్‌బ్లాస్టీన్, డకార్బజీన్. మీరు ఆరు సైకిళ్లన్నారు కాబట్టి మీదీ అదే అయి ఉండొచ్చు. ఫైలు చూస్తే తేలిపోతుంది. అదే అయితే ఒక పెద్ద భయం తీసి పక్కన పెట్టొచ్చు. కీమో తర్వాత వచ్చే రక్త క్యాన్సర్ ఎక్కువగా 1960లలో మొదలైన ఎంఓపీపీ లాంటి పాత మందుల జట్టుతో వచ్చేది. అందులోని మస్టీన్, ప్రోకార్బజీన్ ఎముక మజ్జని దెబ్బతీసేవి. ఏబీవీడీతో అది బాగా తక్కువ. వచ్చినా చాలావరకు మొదటి పదేళ్లలోనే వస్తుంది. మీరు ఆ గడువు దాటేశారు.

రేడియేషన్ లెక్క వేరు. ఆ కిరణాలు జబ్బు కణాల్ని చంపుతూ దారిలో ఉన్న మంచి కణాల్లో కూడా కొన్నిటి డీఎన్‌ఏని గాయపరుస్తాయి. ఆ గాయం క్యాన్సర్‌గా ముదరటానికి సాధారణంగా పదేళ్లు, అంతకంటే ఎక్కువే పడుతుంది. అది వచ్చేది కూడా చాలావరకు కిరణాలు తగిలిన చోటే, లేదా ఆ అంచుల్లో. మీ విషయంలో ఆ చోట్లు రొమ్ము, ఊపిరితిత్తులు, థైరాయిడ్, ఆ భాగం మీది చర్మం. ఒళ్లంతా స్కాన్ చేయించి ఎక్కడో ఏదో మొదలైందేమోనని వెతకటం వల్ల మీకు లాభం లేదు. ఏటా పెట్ స్కాన్ చేయించుకోమని ఎవరైనా అంటే ఎందుకని అడగండి. లక్షణాలు లేనివాళ్లకి అది అనవసరంగా ఇంకొంత రేడియేషన్, బోలెడు ఖర్చు.

అన్నిటికంటే ముఖ్యం రొమ్ము. పందొమ్మిదేళ్ల వయసులో రొమ్ము కణజాలం ఇంకా ఎదుగుతూ ఉంటుంది, కిరణాల దెబ్బ దానికి బాగా తగులుతుంది. ముప్పై దాటాక రేడియేషన్ తీసుకున్నవాళ్లకి ఈ ప్రమాదం బాగా తగ్గిపోతుంది. పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య ఛాతీకి రేడియేషన్ తీసుకున్న ఆడవాళ్లకి అంతర్జాతీయంగా చెప్పేది, 25 ఏళ్లు నిండినప్పుడుగానీ రేడియేషన్ అయిన ఎనిమిదేళ్లకిగానీ, ఏది తర్వాత వస్తే అప్పట్నుంచి ఏటా రొమ్ము పరీక్షలు చేయించుకోవాలని. మీ లెక్కలో అది 27వ ఏడు. ఆరేళ్లు ఆలస్యం అయింది, నిజమే. కానీ ప్రమాదం పెరిగేది ముందున్న ఏళ్లలో కాబట్టి ఇప్పుడు మొదలుపెడితే దానికి తగ్గ ఫలితం ఉంటుంది.

మీ ముందున్న దారులు ఇవి. ఏటా మామోగ్రామ్, ఏటా రొమ్ముకి ఎంఆర్ఐ, రెండూ చేయించుకోవటం అన్నిటికంటే గట్టి దారి. మీ వయసులో రొమ్ము దట్టంగా ఉంటుంది. మామోగ్రామ్‌లో తెల్లటి నేపథ్యంలో తెల్లటి గడ్డ దాక్కుపోతుంది, ఎంఆర్ఐకి దొరుకుతుంది. కొన్ని తొలి దశ క్యాన్సర్లు సున్నపు రవ్వల రూపంలో మామోగ్రామ్‌లోనే కనబడతాయి. అందుకే రెండూ అంటారు. ఎంఆర్ఐలో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. మామోగ్రామ్‌లో ఉండేది ప్రకృతిలో మనందరికీ ఎలాగూ తగిలే రేడియేషన్‌లో కొన్ని వారాల పాటిది. మీరు తీసుకున్న 30 గ్రే ముందు అది లెక్కలోకి రాదు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు 'రొమ్ము కాయిల్ ఉందా' అని అడగండి. అది రొమ్ము బొమ్మ తీయటానికి ఎంఆర్ఐకి అమర్చే విడి భాగం, అది లేకుండా చేసే ఎంఆర్ఐ డబ్బు దండగ. నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కపెట్టి రెండో వారంలో చేయించుకుంటే బొమ్మ స్పష్టంగా వస్తుంది. ఈ దారిలో కష్టం కూడా ఉంది. ఖర్చు ఏటా వేలల్లో అవుతుంది. ఎంఆర్ఐ అతి జాగ్రత్త గల పరికరం, ఏమీ కానిదాన్ని కూడా అనుమానించి సూది పరీక్ష దాకా తీసుకెళుతుంది. అలాంటి పిలుపు మీకు ఎప్పుడో ఒకసారి రావొచ్చు, రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో అన్నం దిగదు. దానికి ముందే సిద్ధపడి ఉండాలి.

ఏటా ఎంఆర్ఐ అంటే మీ సంపాదనకి భారం అనుకుంటే, ఏటా మామోగ్రామ్‌కి తోడు అల్ట్రాసౌండ్, ఆర్నెల్లకోసారి డాక్టరు చేత్తో పరీక్ష పెట్టుకోవచ్చు. కొన్ని తప్పిపోయే అవకాశం ఉంటుంది, కానీ ఏమీ చేయించుకోకపోవటం కంటే ఎన్నో రెట్లు నయం. మొదటి ఏడాది మాత్రం ఎలాగైనా ఎంఆర్ఐ ఒకటి చేయించుకుంటే తర్వాతి ఏళ్లలో పోల్చుకోవటానికి ఆధారం ఉంటుంది. ప్రభుత్వ ఏఎన్‌ఎంలు ముప్పై దాటినవాళ్లకి చేసే ప్రాథమిక రొమ్ము పరీక్ష మంచిదేగానీ అది మామూలు ప్రమాదం ఉన్నవాళ్ల కోసం. అది అయింది కదా అని మీరు ఆగిపోకూడదు. క్యాన్సర్ రాకుండా ముందే వాడే మాత్రలు, ముందే రొమ్ములు తీయించుకునే ఆపరేషన్ కూడా ఉన్నాయి. రెండో బిడ్డ ఆలోచనలో ఉన్న మీకు ఇప్పుడు ఆ మాత్రలు పనికిరావు. ఆపరేషన్ గురించి తొందరపడాల్సిన పని నాకేమీ కనబడటం లేదు.

ఇక మీవారి దారి, అంటే ఏదైనా చేతికి తగిలినప్పుడు చూసుకుందాం అన్నది. ఆయన ప్రేమతోనే అంటున్నారు, మిమ్మల్ని ఇంకోసారి ఆ మంచం మీద చూడలేక. ఈ మాట మాత్రం ఆయనకి చదివి వినిపించండి. మామూలుగా చిన్న గడ్డగా ఉన్నప్పుడు రొమ్ము క్యాన్సర్ దొరికితే ఆ గడ్డ వరకు తీసి, మిగతా రొమ్ముకి రేడియేషన్ ఇచ్చి నిలబెడతారు. మీ ఛాతీకి రేడియేషన్ అయిపోయింది. అదే చోట మళ్లీ ఇవ్వటం అంత తేలిక కాదు, కాబట్టి రొమ్ము మొత్తం తీయాల్సి రావొచ్చు. రొమ్ము క్యాన్సర్‌కి బాగా పనిచేసే అడ్రియామైసిన్‌కి జీవితకాలం మొత్తంలో దాటకూడని హద్దు ఉంది, గుండె మీద దాని ప్రభావం వల్ల. ఏబీవీడీ ఆరు సైకిళ్లలోనే ఆ హద్దులో సగం పైన అయిపోతుంది. అంటే మీకు జబ్బు ముదిరి దొరికితే డాక్టర్ల చేతిలో ఉండే ఆయుధాలు వేరేవాళ్లకంటే తక్కువ. తొలి దశలో దొరకటం అందరికీ మేలే, మీకు ఇంకా అవసరం.

మొదట చేయాల్సింది ఆ బీరువా తెరవటం. మందుల పేర్లు, మోతాదులు, రేడియేషన్ పడిన హద్దులు, ఎడమ చంక అందులో ఉందా లేదా, ఇవన్నీ ఆ ఫైల్లో ఉంటాయి. మీ అమ్మగారు దాన్ని దాచింది సిగ్గుతో కాదు, ఆ రోజులు మళ్లీ చూడలేక. ఆవిడ చేతే తీయించండి. ఫైలు చిరిగిపోయి ఉంటే వైద్యం జరిగిన ఆసుపత్రికి వెళ్లి రికార్డు గదిలో కాదు, రేడియోథెరపీ విభాగంలో అడగండి. మన నిబంధనల ప్రకారం డాక్టర్లు రికార్డులు తప్పనిసరిగా దాచాల్సింది మూడేళ్లే. కాబట్టి పద్నాలుగేళ్ల కేస్ షీటు దొరక్కపోవచ్చు. రేడియోథెరపీ వాళ్ల చార్టులు, ప్లానింగ్ వివరాలు మాత్రం కొన్ని చోట్ల ఇంకా దొరుకుతాయి. దొరికిన ప్రతి కాగితాన్నీ ఫోన్‌లో ఫొటో తీసి మీ ఇద్దరి దగ్గరా పెట్టుకోండి. ఆ కాగితాలతో ఒక్కసారి క్యాన్సర్ వైద్యుల దగ్గరికి మీవారితో కలిసి వెళ్లండి. అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మీకు దగ్గరే. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో రేడియోథెరపీ విభాగం ఉంది. 'నాకు జబ్బు వచ్చిందేమో చూడండి' అని అడగొద్దు. 'ఈ వైద్యం తీసుకున్నాను, ఇకనుంచి ఏ ఏడాది ఏ పరీక్ష చేయించుకోవాలో రాసివ్వండి' అని అడగండి. అలా అడిగితే డాక్టరుకీ సమాధానం చెప్పటం తేలికవుతుంది.

టీబీ అని చెప్పిన అబద్ధం మీద నాకు మీ కంటే ఎక్కువ కంగారు ఉంది. అత్తగారికి చెప్పింది కాదు, కేస్ షీటులో రాయించింది. రేపు మీ ఛాతీ ఎక్స్‌రేలో మచ్చ కనబడితే, పాత టీబీ ఉందని చదివిన డాక్టరు 'పాత మచ్చే' అని వదిలేస్తాడు. అది ఊపిరితిత్తుల్లో కొత్తగా మొలిచినది కావొచ్చు. బ్లియోమైసిన్ తీసుకున్న మనిషికి పూర్తి మత్తు ఇచ్చేటప్పుడు ఎక్కువ ఆక్సిజన్ పెట్టే విషయంలో మత్తు డాక్టర్లు జాగ్రత్త పడతారు. టీబీ అని ఉంటే ఆ సంగతి వాళ్లకి ఎలా తడుతుంది? ఆరోగ్య బీమా సొంతంగా తీసుకుంటే పాత జబ్బు దాచారని క్లెయిమ్ తోసిపుచ్చే వీలుంది. చుట్టాలకి ఏం చెబుతారో మీ ఇష్టం, తెల్లకోటు వేసుకున్నవాళ్లకి మాత్రం నిజమే చెప్పండి. అత్తగారు పక్కనుంటే 'డాక్టరుగారూ, ఒక్క నిమిషం విడిగా మాట్లాడాలి' అంటే చాలు. ఎవరూ కాదనరు.

అత్తగారికి చెప్పాలా అన్నదానికి నేను ఒక్క మాటలో చెప్పలేను, ఆవిడతో ఒకే వంటింట్లో మసిలేది మీరు. ఇప్పుడే మొత్తం చెప్పేస్తే మొదట్లో ఒక తుఫాను వస్తుంది, 'మీ అమ్మ మమ్మల్ని మోసం చేసింది' అన్న మాట కూడా పడొచ్చు. అయితే ఆ తర్వాత ఏటా పరీక్షలకి దొంగతనంగా వెళ్లే బాధ ఉండదు. ఆ తుఫాను మీ మీదకి రాకుండా కాచుకోవాల్సింది మీవారు. 'నాకు పెళ్లికి ముందే తెలుసు, తెలిసే చేసుకున్నాను' అన్న వాక్యం ఆయన నోటి నుంచి రావాలి, మీ నోటి నుంచి కాదు. అది అనే ధైర్యం ఆయనకి వచ్చేదాకా ఆగటం కూడా ఒక దారే. ఈలోగా 'చిన్నప్పుడు ఛాతీకి రేడియేషన్ ఇచ్చారు, దానివల్ల ఏటా రొమ్ము పరీక్ష చేయించుకోమన్నారు' అని సగం నిజం చెప్పొచ్చు. అందులో అబద్ధం ఏమీ లేదు. ఎప్పటికీ చెప్పకుండా ఉండటం కూడా కుదురుతుంది, కాకపోతే ఏదో ఒక రోజు ఫైలు ఆవిడ చేతికి దొరికే అవకాశం ఉంటుంది. అప్పుడు మాట మీ చేతిలో ఉండదు. పచ్చబొట్టు అన్న మాటని మాత్రం ఇంక పెంచకండి. ఆడపడుచుతో మీకు సఖ్యత ఉంటే ముందు చెప్పాల్సింది ఆ అమ్మాయికేనేమో ఆలోచించండి. చూసి అడిగిందంటే ఆమెకి మీ మీద ధ్యాస ఉన్నట్టే.

పొగ గురించి బాగా అడిగారు. ఛాతీకి రేడియేషన్ తీసుకున్నవాళ్లలో పొగ తాగేవాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం రెండూ కలిసినంత కాదు, ఒకదాన్ని ఇంకొకటి హెచ్చవేసినంత. మీరు తాగకపోయినా మూసిన గదిలో రోజూ ఆ పొగ పీలుస్తున్నారు, పాప కూడా. బయటి పోర్టు బొగ్గు దుమ్ముని మనం ఆపలేం. మావయ్యగారి చుట్టని కనీసం వీధి అరుగు మీదికి పంపగలం. అసలు ఈ ఇంట్లో ఈ క్షణాన క్యాన్సర్ ప్రమాదం ఎక్కువగా ఉన్నది ఎవరికో తెలుసా? నా లెక్కలో మీ అత్తగారికే. నిప్పు ఉన్న కొనని నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ వల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తుందని 1950ల నుంచే మన కోస్తా ఆంధ్ర డాక్టర్లు రాస్తున్నారు. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో ఆడవాళ్లకి వచ్చే అంగిలి క్యాన్సర్‌కి అదే పెద్ద కారణం. ఆవిడ నోరు తెరిపించి టార్చిలైటుతో అంగిలి చూడండి. తెల్లగా మందం కట్టి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలుంటే పళ్ల డాక్టరు దగ్గరికైనా తీసుకెళ్లాలి. మీ మొదటి మామోగ్రామ్ రోజునే ఆవిడకి నోటి పరీక్ష కూడా పెట్టించండి. అత్తా కోడళ్లిద్దరూ కలిసి ఆటోలో వెళ్లి చూపించుకుని వస్తే, ఏడాదికి ఒకసారి ఆసుపత్రికి ఎందుకెళుతున్నావన్న ప్రశ్నే రాదు. అది తెలివితేటలు చూపించటమే, ఒప్పుకుంటాను. కానీ ఆవిడకీ అది నిజంగా కావాల్సిన పరీక్షే.

రెండో బిడ్డని కనటానికి మీ పాత జబ్బు అడ్డు కాదు. వైద్యం అయి పద్నాలుగేళ్లు, ఒక కాన్పు కూడా అయింది. గర్భం వల్ల హాడ్జ్‌కిన్ తిరగబెడుతుందన్న దానికి ఆధారం లేదు. మూడు పనులు ముందు చేసుకోండి. థైరాయిడ్ సరిచేసుకోండి, అది తక్కువగా ఉంటే గర్భం నిలవటమే కష్టం. గుండెకి ఎకో తీయించండి, అడ్రియామైసిన్, ఛాతీ రేడియేషన్ రెండూ గుండె మీద పనిచేస్తాయి, గర్భం గుండెకి బరువు. రొమ్ము ఎంఆర్ఐ గర్భం రాకముందే అయిపోవాలి, ఎందుకంటే అందులో ఇచ్చే ఇంజెక్షన్ మందుని గర్భిణులకి ఇవ్వరు. పాలిచ్చేటప్పుడు ఒక పక్క తక్కువగా వస్తే కంగారు పడకండి. రేడియేషన్ పడిన వైపు అలా జరుగుతుంది. మొదటి కాన్పులో గమనించే ఉంటారు.

అప్పుడు రేడియేషన్ వద్దనాల్సిందా అన్నారు. ఇప్పుడైతే కీమో మధ్యలో పెట్ స్కాన్ చేసి, జబ్బు పూర్తిగా మాయమైన కొందరికి రేడియేషన్ మానేస్తున్నారు. దానికి బలం ఇచ్చిన బ్రిటన్ అధ్యయనం వచ్చింది 2015లో, మీ వైద్యం అయిన నాలుగేళ్లకి. అందులో కూడా ఛాతీలో పెద్ద గడ్డ ఉన్నవాళ్లని చేర్చుకోలేదు, రేడియేషన్ మానేసినవాళ్లలో జబ్బు తిరగబెట్టటం కాస్త ఎక్కువే. 2011లో, అంత పెద్ద గడ్డతో ఉన్న పందొమ్మిదేళ్ల అమ్మాయికి కీమో తర్వాత రేడియేషన్ ఇవ్వటం అప్పటికి తెలిసిన వాటిలో సరైన వైద్యం. మీ నాన్నగారు ఆ అరెకరంతో కొన్నది ఈ పద్నాలుగేళ్లు. మీ పెళ్లి, పాప, ఇప్పుడీ ఉత్తరం రాస్తున్న మనిషి, అన్నీ అందులోంచే వచ్చాయి. దాని వెంట ఏటా కొన్ని పరీక్షల ఖర్చు వచ్చింది, అంతే.

చర్మం గురించి చిన్న మాట. రేడియేషన్ పడిన మెడ, ఛాతీ మీద కొత్తగా పుట్టుమచ్చ గానీ మానని పుండు గానీ కనబడితే చూపించండి. ఎండలో ఆ భాగం కప్పుకోండి. నెల్లాళ్లకి మించిన దగ్గు, గళ్లలో నెత్తురు, రొమ్ములో లేదా చంకలో గట్టిగా తగిలే గడ్డ, ఇలాంటివి ఏవి వచ్చినా ఏటా చేసే చెకప్ దాకా ఆగొద్దు.

చివరగా పాప. మీరు తీసుకున్న కీమో, రేడియేషన్ వల్ల తర్వాత పుట్టిన పిల్లలకి క్యాన్సర్ ఎక్కువగా వచ్చినట్టు ఇప్పటివరకు కనబడలేదు. హాడ్జ్‌కిన్ వచ్చినవాళ్ల రక్త సంబంధీకుల్లో అది కాస్త ఎక్కువగా కనబడే మాట నిజమేగానీ, అసలే అరుదైన జబ్బు కాబట్టి పాపకి దాని కోసం విడిగా పరీక్షలేవీ అక్కర్లేదు. మెడలో గడ్డ కనబడి నెల దాటితే చూపించటం ఏ పిల్లకైనా చేయాల్సిందే. తొమ్మిదేళ్లు నిండాక హెచ్‌పీవీ టీకా వేయించండి. దానికీ మీ జబ్బుకీ సంబంధం లేదు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఆడపిల్లలందరికీ వేయించాల్సినదే.